‘అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి’

(ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో కౌమార వైద్యం చేసే ఒక డాక్టరు మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ నాన్నలు కూడా ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఉన్నాయి. నేను చెప్పబోయేదాంట్లో సగం మీకోసమే.

ప్రిన్సిపాల్ గారు నన్ను పిల్లల డాక్టరని పరిచయం చేశారు. నిజమే, నేను చదివింది పిల్లల వైద్యమే. కానీ చాలా ఏళ్లుగా నా దగ్గరికి వచ్చేది పదేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్లు. ‘ఈ వయసుకి వేరే డాక్టరెందుకండీ, జ్వరమొస్తే ఎవరైనా చూస్తారు కదా’ అని చాలామంది అడుగుతారు. జ్వరానికి అక్కర్లేదు. ఎందుకు కావాలో ఒకమ్మాయి సంగతి చెబితే అర్థమవుతుంది. వివరాలు మార్చి చెబుతున్నాను, ఇవాళ నేను చెప్పే పిల్లలందరి విషయంలోనూ అంతే.

ఇంటర్ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. రెండు నెలలుగా తలనొప్పి, మధ్యమధ్యలో మూత్రంలో మంట. ఒకచోట కళ్లు పరీక్ష చేయించారు, ఇంకోచోట తలకి స్కానింగ్ తీయించారు, మరోచోట చదువు టెన్షన్ అన్నారు. వాళ్లమ్మ లావుపాటి ఫైలు నా టేబుల్ మీద పెట్టి మొత్తం తనే చెప్పింది. నేను అమ్మాయిని ఏది అడిగినా జవాబు వాళ్లమ్మ దగ్గర్నుంచే. నిద్ర పడుతోందా తల్లీ అంటే ‘బానే పడుకుంటుందండీ’. అన్నం తింటున్నావా అంటే ‘బయటి తిండి ఎక్కువండీ’. ఆ పిల్ల తల వంచుకుని చున్నీ అంచు మెలిపెడుతూ కూర్చుంది. అప్పుడన్నాను, ‘అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి’ అని.

తలుపు వేశాక కూడా చాలాసేపు ఏం మాట్లాడలేదు. హాస్టల్లో నీ రూమ్ ఎట్లా ఉంటుంది, పొద్దున లేచాక ఏం చేస్తావో వరసగా చెప్పు అని అడుగుతూ పోతే అప్పుడు బయటికొచ్చింది. క్లాసులుండే అంతస్తులో అంతమంది ఆడపిల్లలకి నాలుగే బాత్రూములు, అందులో ఒకదానికి గడియ లేదు, ఇంకోదాంట్లో నీళ్లు రావు. మూత్రానికి వెళ్లాల్సి వస్తుందని పొద్దున టిఫిన్ దగ్గర్నుంచి సాయంత్రం దాకా చుక్క నీళ్లు తాగట్లేదు. నెలసరి రోజుల్లో మధ్యాహ్నం అన్నం కూడా మానేస్తోంది. తలనొప్పి అందుకే, మంట అందుకే. ఆ ఫైల్లో ఇన్ని కాగితాలున్నాయే, ఒక్కదాంట్లోనూ ఈ మాట లేదు. ఎందుకంటే ఎవరూ ఆ పిల్లని అడగలేదు, అడిగినా అమ్మ ఎదుట, పక్కన ఇంకో ఇద్దరు పేషెంట్లు నిలబడి ఉండగా అడిగుంటారు. నేనూ కొత్తలో అట్లాగే అడిగేదాన్ని, అన్నీ అమ్మ ఎదుటే. ఆ రోజుల్లో నా దగ్గర ఏమీ చెప్పకుండా వెళ్లిపోయిన పిల్లలు ఇప్పటికీ గుర్తొస్తారు, బాధేస్తుంది.

అమ్మాయి సరేనన్నాకే వాళ్లమ్మని లోపలికి పిలిచి చెప్పాం. ఆవిడ వెళ్లి వార్డెన్‌తో గట్టిగా మాట్లాడి గడియ పెట్టించింది. మంటకి మందు రాశాను, నీళ్లు మొదలయ్యాయి, నెల తిరక్కుండా తలనొప్పి పోయింది. నా పని ఏంటని అడిగితే నేను ముందు చెప్పేది ఇదే. వినే చోటు ఒకటి ఏర్పాటు చేయడం. మందులు ఆ తర్వాత.

ఇప్పుడు ఈ పిల్లలు ఎక్కడికి వెళ్లాలో ఆలోచించండి. పిల్లల ఆసుపత్రికి వెళ్తే గోడల మీద ఏనుగులు, కుందేళ్లు, ఒళ్లో పసిపిల్లలతో తల్లులు. మీసం మొలుస్తున్న పిల్లాడు ఆ మధ్యలో కూర్చోలేడు. పెద్దవాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తే షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పుల వాళ్లు. అక్కడ ఈ పిల్లాడికి రెండు నిమిషాలు కూడా దొరకవు. రెంటికీ చెందకుండా పోతారు. అమెరికాలో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో 1951లో గాలఘర్ అనే డాక్టరు ఈ వయసు వాళ్లకోసం ప్రత్యేకంగా ఒక విభాగం తెరిచారు, అక్కడ ఇప్పుడిది వేరే స్పెషాలిటీ. మన దగ్గర ఇంకా పిల్లల వైద్యం చదివినవాళ్లలో ఆసక్తి ఉన్నవాళ్లు పైన శిక్షణ తీసుకుని చేస్తున్నారు. కేంద్ర ప్రభుత్వం 2014 జనవరిలో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది, దాని కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కౌమార క్లినిక్కులు పెట్టారు. మన దేశంలో పది నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్లు దాదాపు 25 కోట్లు. అంతమందికి మేము సరిపోతామా? సరిపోం. అందుకే ఇట్లా కాలేజీలకొచ్చి మీతో మాట్లాడటం కూడా మా పనే అనుకుంటాను.

తలుపు వేశాక ఏం జరుగుతుందో మీకు తెలియాలి, లేకపోతే బయట కూర్చున్న పది నిమిషాలూ మీకు గుండె దడే. ముందు, మీరిద్దరూ ఉండగానే పిల్లాడికి ఒక మాట చెబుతాను. నువ్వు నాకు చెప్పింది నీకు ఇష్టం లేకుండా మీ అమ్మానాన్నలకి చెప్పను. మూడు విషయాల్లో మాత్రం ఆ మాట ఇవ్వలేను: నిన్ను నువ్వు ఏమైనా చేసుకోవాలనుకుంటే, ఇంకొకరికి హాని తలపెడితే, నిన్నెవరైనా బాధపెడుతుంటే. ఆ మూడింట్లో కూడా నీకు చెప్పకుండా నీ వెనక ఏమీ చేయను. ఇది విన్నాక పిల్లల భుజాలు కాస్త కిందికి దిగడం నేను రోజూ చూస్తాను.

తర్వాత అడిగేదానికి ఒక వరస ఉంది, ప్రపంచమంతా ఈ వైద్యం చేసేవాళ్లు దాదాపు ఇదే వరసలో అడుగుతారు. ముందు ఇల్లు, ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరితో చనువు. ఆ తర్వాత చదువు, తిండి, ఆటలు, స్నేహితులు. సులువైనవి అయ్యాక సిగరెట్, మందు. ఆపైన ప్రేమలు, శరీరం గురించి సందేహాలు. చివరికి మనసు, చనిపోవాలనిపించిందా అన్న ప్రశ్న. మొదటే చివరి ప్రశ్న అడిగితే ఎవరూ చెప్పరు. సిగరెట్ గురించి అడిగేటప్పుడు కూడా ‘నువ్వు తాగుతావా’ అనను, ‘మీ క్లాసులో ఎవరైనా తాగుతారా’ అని మొదలుపెడతాను. వాళ్ల గురించి చెబుతూ చెబుతూ తన దాకా వస్తాడు.

మగపిల్లల సంగతి కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే వాళ్లతో ఎవరూ ఏమీ మాట్లాడరు. ఒక పదిహేనేళ్ల పిల్లాడికి రాత్రి పదకొండింటికి వృషణాల దగ్గర భరించలేని నొప్పి మొదలైంది. సిగ్గుపడి దుప్పటి కప్పుకుని పళ్లు బిగబట్టుకుని పడుకున్నాడు. పొద్దున కడుపునొప్పి అని చెప్పాడు. వాము నీళ్లిచ్చారు, గ్యాస్ మాత్ర ఇచ్చారు. ఆసుపత్రికి తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. వృషణం మెలిపడి దానికి రక్తం అందడం ఆగిపోయింది. ఇట్లాంటప్పుడు ఆరు గంటల్లోపు ఆపరేషన్ చేస్తే చాలామందికి నిలబెట్టగలం, గంటలు గడిచేకొద్దీ ఆశ తగ్గిపోతుంది. ఈ పిల్లాడిది తీసేయాల్సి వచ్చింది. రెండోది బాగుంటే పెళ్లికీ పిల్లలకీ మామూలుగా ఇబ్బంది ఉండదు, అది వేరే సంగతి, కానీ ఒక్క మాట నోరు తెరిచి చెప్పుంటే ఆ కోత తప్పేది. నాన్నలూ, ఇవాళ రాత్రి మీ అబ్బాయికి చెప్పండి, ‘అక్కడ నొప్పొస్తే రాత్రి ఎన్ని గంటలకైనా సరే నన్ను లేపు, సిగ్గుపడకు’ అని. ఇది మీరే చెప్పాలి. స్కూల్లో చెప్పరు, స్నేహితులు చెప్పరు.

ఇంకో పిల్లాడు మే నెల ఎండల్లో లోపల రెండు బనియన్లు వేసుకుని తిరుగుతున్నాడు. కబడ్డీ మానేశాడు, చెరువులో ఈత మానేశాడు. ఛాతీ దగ్గర కొంచెం ఉబ్బింది, ఎవరో ఏదో అన్నారు. ఈ వయసులో సగం మందికి పైగా మగపిల్లలకి అట్లా కొద్దిగా ఉబ్బుతుంది, చాలామందికి ఆరు నెలల నుంచి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పరీక్ష చేసి వేరే కారణం లేదని చూసుకున్నాక ఆ మాట చెప్పాను. ఏ మందూ రాయలేదు. పిల్లాడు ఏడ్చేశాడు. ఏడాదిగా తనకేదో పెద్ద జబ్బుందనుకుంటున్నాడు.

ఆడపిల్ల పెద్దమనిషి అయితే మనం ఫంక్షన్ చేస్తాం, చిమ్మిలి తినిపిస్తాం, చుట్టాలందరికీ కబురు పెడతాం. అంతమందిలో ఆ పిల్లకి లోపల ఏం జరుగుతోందో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ఎంతమంది? మొదటి రెండు మూడేళ్లు నెలసరి లెక్క ప్రకారం రాకపోవడం మామూలే, ఎందుకంటే ప్రతి నెలా అండం విడుదల కావడం అప్పుడే కుదురుకోదు. ఇరవై ఒక్క రోజుల నుంచి నలభై అయిదు రోజుల మధ్య ఎప్పుడొచ్చినా కంగారు అక్కర్లేదు. కానీ ఏడు రోజులు దాటినా ఆగకపోయినా, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, పదిహేనేళ్లు నిండినా అసలు మొదలు కాకపోయినా చూపించాలి. ఇక్కడ ఇంకో మాట. రెండు నెలలు రాలేదని స్కానింగ్ తీయించడం, అందులో అండాశయాల్లో నీటిబుడగలు కనిపించాయని పీసీఓడీ అని, అంటే హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల జబ్బని, ముద్ర వేయడం, పిల్ల ఇంటికెళ్లి తనకి పిల్లలు పుట్టరేమో అని ఏడవడం, ఇది నేను వారానికి ఒక్కసారైనా చూస్తాను. నెలసరి మొదలై ఎనిమిదేళ్లు కాకుండా స్కానింగ్ చూసి ఆ జబ్బని తేల్చకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఎదిగే శరీరంలో ఆ బుడగలు మామూలుగానే కనిపించవచ్చు.

రక్తహీనత సంగతి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో దేశం మొత్తం మీద 59 శాతానికి రక్తం తక్కువగా ఉంది. ఆంధ్రలో 60 శాతం, తెలంగాణలో దాదాపు 65. మగపిల్లల్లో కూడా దేశవ్యాప్తంగా 31 శాతం. అంటే ఇవాళ ఈ హాల్లో కూర్చున్న మీ ఆడపిల్లల్లో సగానికి పైగా ఉండొచ్చు. చదివింది ఎక్కట్లేదు, క్లాసులో నిద్రొస్తోంది, రెండో అంతస్తు ఎక్కితే ఆయాసం అంటారు. మనం బద్ధకం అంటాం. వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలు చాలామంది కిటికీలోంచి పారేస్తారని నాకు తెలుసు, ఎందుకంటే పరగడుపున వేసుకుంటే వికారం, పైగా మలం నల్లగా వస్తే భయం. అన్నం తిన్నాక వేసుకోమనండి, నల్లగా రావడం మామూలేనని ముందే చెప్పండి, వెంటనే టీ తాగొద్దనండి, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ నీళ్లు పర్లేదు, మంచిది కూడా.

ప్రిన్సిపాల్ గారు ఇక్కడే ఉన్నారు కాబట్టి ఇది ఆయన ముందే అంటాను. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోను చిన్నపిల్లల కంటే గంటా రెండు గంటలు ఆలస్యంగా ఊరుతుంది. పదిన్నరకి పడుకోమంటే వాళ్లకి నిద్ర రాదు, అది మొండితనం కాదు, శరీరం తీరు. వాళ్లకి కావాల్సిన నిద్ర ఎనిమిది నుంచి పది గంటలు. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, పొద్దున అయిదింటికి మళ్లీ స్టడీ అవర్ అంటే ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది? రోజంతా చదివింది మెదడులో నిలబడేది నిద్రలోనే. పొద్దున స్టడీ అవర్ ఒక్క గంట ఆలస్యంగా మొదలుపెట్టండి సార్. నేను చేతులు జోడించి అడుగుతున్నాను.

(చప్పట్లు)

ఇప్పుడు చెప్పేది కష్టమైన విషయం. 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారమంటే నాకు ఫోన్ మోగితేనే భయం. చనిపోవాలనిపిస్తోందా అని పిల్లల్ని అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని చాలామంది అనుకుంటారు. అట్లా కాదు. అడిగితే ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికొస్తుంది. నేను సూటిగానే అడుగుతాను. ‘ఎప్పుడన్నా బతకాలని లేదు అనిపించిందా?’ అవునన్న పిల్లలందరూ, ఒక్కరు కూడా మినహాయింపు లేకుండా, అడిగినందుకు తేలికపడ్డారు. ఇష్టంగా ఆడే ఆట మానేయడం, అన్నం తగ్గిపోవడం, తన వస్తువులు స్నేహితులకి పంచేయడం, ‘నేను లేకపోతే మీకు ఖర్చు తగ్గుతుంది’ లాంటి మాట, వీటిలో ఏది కనిపించినా ఫలితాల దాకా ఆగొద్దు. ఫలితాల రోజుల్లో ఇంట్లో పురుగుమందు, మాత్రల డబ్బాలు తాళం వేసి పెట్టండి. పిల్లాణ్ణి ఒంటరిగా వదలొద్దు. అర్ధరాత్రి అయినా సరే 14416కి ఫోన్ చేయొచ్చు, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ప్రయత్నించి బతికిన పిల్లాడి మీద కేసు పెడతారేమోనని దాచిపెట్టేవాళ్లున్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక అట్లాంటివాళ్లని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడాలి. దాచకుండా తీసుకురండి.

ఇంకో పని మాది, ఎవరికీ కనిపించనిది. పుట్టినప్పటి నుంచో చిన్నప్పటి నుంచో జబ్బున్న పిల్లల్ని పెద్దల డాక్టరు చేతికి అప్పగించడం. టైప్ 1 షుగరున్న ఒకమ్మాయికి తొమ్మిదేళ్ల నుంచీ వాళ్లమ్మే ఇన్సులిన్ వేసేది. కాలేజీలో చేరాక స్నేహితులకి తెలుస్తుందని మధ్యాహ్నం డోసు మానేసింది. ఆసుపత్రిలో ఐసీయూ దాకా వెళ్లింది. ఇంట్లో మాత్రం ‘సంబంధాలు రావు, ఎవరికీ చెప్పొద్దు’ అన్న మాట రోజూ వింటోంది. అంత భారం మోస్తూ ఆ పిల్ల సూది ఎవరి ముందు తీస్తుంది? ఏడాదిన్నర పట్టింది. ముందు తన డోసు తనే లెక్కేసుకోవడం, తర్వాత ఒక్క స్నేహితురాలికి చెప్పడం, తర్వాత తనే ఒంటరిగా నా గదిలోకి వచ్చి మాట్లాడటం. పద్దెనిమిది నిండాక పెద్దల డాక్టరు దగ్గరికి మొదటిసారి నేనూ వెంట వెళ్లాను. తలసీమియా, మూర్ఛ, గుండె జబ్బులున్న పిల్లలందరికీ ఇట్లా చేయి పట్టుకుని గుమ్మం దాటించేవాళ్లు కావాలి. లేకపోతే ఆ సంధిలోనే మందులు మానేస్తారు.

ఇక ప్రశ్నలు అడగండి. మైకు ఆ వైపు ఇవ్వండి.

(ఒక తండ్రి: మేడమ్, మా పిల్లాడు మీకేం చెప్పాడో తండ్రిగా నాకు తెలియాలి కదండీ? ఫీజు కట్టేది నేను.)

తెలియాలి, మీరు అడగడంలో తప్పులేదు. కానీ అది మీకు నా నోటి నుంచి కాకుండా మీ పిల్లాడి నోటి నుంచి తెలియాలి. నేను చేసేది ఆ దారి వేయడమే. చాలాసార్లు ‘ఇది నాన్నకి ఎట్లా చెబుదాం’ అని మేమిద్దరం కూర్చుని మాటలు వెతుక్కుంటాం, తర్వాత మిమ్మల్ని లోపలికి పిలుస్తాం. మీకు చెప్పేస్తానని తెలిస్తే నాకే చెప్పడు, అప్పుడు మీకూ నాకూ ఇద్దరికీ తెలియదు. ప్రాణం మీదికి వచ్చేదైతే మీకు చెప్పి తీరతాను, ఆ మాట ఇస్తున్నాను.

(ఒక తల్లి: ప్రేమ వ్యవహారాలు కూడా దాచిపెడతారా మేడమ్?)

దాచిపెట్టడమంటే ప్రోత్సహించడం కాదమ్మా. కానీ ఇందులో ఒక చిక్కు ఉంది, దాచకుండా చెబుతాను. పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే డాక్టరైనా సరే పోలీసులకి చెప్పాలి. ఆ చట్టం ఎంతోమంది పిల్లల్ని కాపాడింది, అది ఉండాలి. అయితే ఇష్టపడి కలిసిన ఇద్దరు పదిహేడేళ్ల పిల్లల్ని కూడా అది అదే కళ్లతో చూస్తుంది. అందుకని గర్భం వచ్చిన పిల్ల మా దగ్గరికి రావడానికి భయపడి మందుల షాపులో ఏదో మాత్ర కొనుక్కుని మింగుతుంది, రక్తం ఆగని స్థితిలో వస్తుంది. ఇందాక రక్తహీనత దగ్గర చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే, ఆంధ్రలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం అప్పటికే తల్లులో గర్భవతులో. అందులో చాలామందికి పెళ్లి చేసింది మనమే, పద్దెనిమిది నిండకుండా. ప్రేమ వార్త తెలియగానే చదువు మాన్పించి పెళ్లి చేసేయకండి. ముందు ఆ పిల్ల చెప్పేది కూర్చుని వినండి, మీకు చేతకాకపోతే నా దగ్గరికి తీసుకురండి.

(ఇంకో తల్లి: మావాడు డాక్టరు అంటేనే రానంటాడండీ. నాకేం రోగం అంటాడు. ఏమని తీసుకురావాలి?)

అబద్ధం చెప్పి మాత్రం తీసుకురావద్దమ్మా. గుడికని చెప్పి నా దగ్గరికి తెచ్చిన పిల్లలున్నారు, వాళ్లు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మీ అబ్బాయికి ఎన్నేళ్లు? పదహారా? అయితే నిజమైన కారణమే ఉంది. పదహారేళ్లకి వేయాల్సిన టీడీ టీకా ఒకటుంది, ధనుర్వాతానికీ కంఠసర్పికీ, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగానే వేస్తారు. ‘టీకా వేయించుకుని, ఎత్తూ బరువూ బీపీ చూపించుకుని వద్దాం’ అనండి. లోపలికి వచ్చాక మీరు బయట కూర్చోండి. మొదటిసారి ఏమీ చెప్పకపోవచ్చు. నేను నా నంబరు వాడి చేతికే ఇస్తాను, రెండోసారి రావాలో వద్దో వాణ్ణే తేల్చుకోనివ్వండి.